పటంలో పిన్నీసులు

రోహిణి కార్తె, రెండో రోజు

పని మొదలుపెట్టేముందు రోజూ మా అత్తని సోదా చెయ్యాలి. చేతులు చాపమని, గాజులు ఒక్కొక్కటే జరిపి చూస్తాను. ఇవాళ గాజులకి రెండు పిన్నీసులు, మెళ్లో గొలుసుకి ఒకటి దొరికాయి. అయిపోయిందనుకుని బయల్దేరాక జాకెట్టు లోపల ఇంకొకటి ఉందని తెరమీద తెలిసింది.

"ఆడదన్నాక ఒంటిమీద పిన్నీసు లేకపోతే ఎలాగే?" అంది.

"పల్లకి దగ్గర వద్దత్తా. నీ పిన్నీసు దానికి గునపంలా కనబడుతుంది."

పల్లకి అంటే నేలలోకి చూసే యంత్రం. పొడుగాటి చట్రం. ముందొకరు, వెనకొకరు భుజాన మోస్తుంటే కింద మోకాలి ఎత్తున దాని కళ్లు వేలాడుతుంటాయి. ఒక కన్ను ఇనుముని, కాలిన మట్టిని పసిగడుతుంది. రెండోది తడిని, బంకమన్నుని, ఉప్పుని; ఏది ఏదో మాత్రం విడదీసి చెప్పలేదు. మాకిది ఇచ్చిన నీటి కేంద్రం వాళ్లు దానికి నోరు తిరగని పేరు పెట్టారు. మొదటిరోజు మేమిద్దరం మోసుకెళ్తుంటే ఎవరో "పెళ్లికూతుర్నెక్కడ దింపేశారే?" అని అరిచారు. అప్పట్నుంచీ పల్లకే.

రోజూ ఏం చేశావో రాసిపెట్టి, పనయ్యాక పంపమంది కేంద్రం. ఏం రాయకూడదో చెప్పలేదు. అందుకని అన్నీ రాస్తున్నాను.

నా పేరు దివి. మా ఊరు సముద్రంలోకి పోయిన ఏడాది పుట్టిన ఆడపిల్లలందరికీ ఇదే పేరు పెట్టారు, దివిసీమ మీద బెంగతో. బడిలో నల్ల దివి, బొద్దు దివి, మాటల దివి ఉండేవాళ్లు. నేను పొడుగు దివిని. తిరుపతిలో నేలచదువు చదివొచ్చినా ఇక్కడ పొడుగు దివినే.

రోహిణి కార్తె, నాలుగో రోజు

ఇవాళ నీళ్ల రైలు వచ్చింది. మూడు పెట్టెలు తగ్గించుకుని వచ్చింది. వంతు దగ్గర ఎవరూ పోట్లాడుకోలేదు. అదే నాకు భయమేసింది. మావాళ్లు పోట్లాడుకోకుండా నిలబడ్డారంటే ఒంట్లో సత్తువ లేదనో, మనసులో ఆశ లేదనో అర్థం.

మా కాలనీ పేరు కొత్త కొంగలంక. కొంగా లేదు, లంకా లేదు. అనంతపురం మెట్టలో, రాళ్ల మధ్య, ఒకేలాంటి పెట్టె ఇళ్లు. ఎవరికి ఏ ఇల్లు అన్నది చీటీలు తీసి ఇచ్చారట. ఊళ్లో గోడ గోడ కలిసి బతికిన అన్నదమ్ములు ఇక్కడ ఆ చివరొకరు, ఈ చివరొకరు.

మృగశిర దాటితే నీళ్ల రైలు రాదని ఉత్తర్వు వచ్చేసింది. ఈలోగా సొంత నీటికి చోటు చూపించకపోతే కాలనీ ఎత్తేస్తారు. కొందర్ని తుంగభద్ర పక్కకి, కొందర్ని నల్లమల కిందకి, మిగతావాళ్లని తెలంగాణ వైపుకి పంపుతారు. మళ్లీ చీటీలు తీస్తారు కాబోలు.

ఎక్కడపడితే అక్కడ పొడవడానికి లేదు. వెనకటి తరం బోర్లు వేసీ వేసీ నేలని జల్లెడ చేసి పెట్టింది. ఇప్పుడు ఊరికి ఒక్క బోరుకే అనుమతి. అదీ వేల ఏళ్ల కిందట నీరు పారిన దారి మీద, ఆ దారి ఉండేదని రుజువు చూపిస్తేనే. పాత ఏరు పూడిపోయినా దాని ఇసుకలో వాన నీళ్లు ఇంకుతూనే ఉంటాయి. కాబట్టి నా పని నీళ్లు వెతకడం కాదు. మనుషులు అప్పుడప్పుడే గొడ్లని మచ్చిక చేసుకుంటున్న రోజుల్లో ఈ నేల ఎలా ఉండేదో మళ్లీ గీయడం. గట్టెక్కడ, పల్లమెక్కడ, మంద ఎక్కడ పడుకునేది, ఎక్కడ తాగేది.

కాలనీకి తూర్పున, బీడు అంచున బూడిదదిబ్బ ఒకటుంది. పిల్లలు దాని మీంచి జారుతుంటారు. అది నాలుగువేల ఏళ్ల నాటి గొడ్లదొడ్డి. పేడ పోగుపడి, దాన్ని తగలబెట్టి, మళ్లీ పోగుపడి, మళ్లీ తగలబెట్టి, అంత ఎత్తయింది. ఆ బూడిద పల్లకి కంటికి పట్టపగల్లా కనబడుతుంది. దొడ్డి దొరికిందంటే దగ్గర్లో నీళ్లుండాలి. అక్కణ్ణించి వెతకాలి.

మధ్యాహ్నం అత్త పప్పులో ఏదో లావుపాటి ఆకు వేసింది. వేలితో నొక్కితే చిట్లి నీరొస్తుంది. ఉప్పు వెయ్యకుండానే ఉప్పగా ఉంది.

"ఎక్కడిదత్తా ఇది?"

"ఆ బీట్లో మొలుస్తుంది. ఉప్పు కలిసొస్తుందని కోసుకొచ్చా. తిను, ప్రశ్నలెయ్యకు."

తిన్నాను. బావుంది.

రోహిణి కార్తె, ఏడో రోజు

ఓడలో ఉద్యోగం ఖాయమైంది. మునిగిపోయిన తీరం అడుగుని పటం గీసే ఓడ. ఆరుద్ర కార్తెలో మచిలీపట్నం పైన కొత్త రేవులో ఎక్కాలి. కబురు రాగానే గుండె ఎగిరింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఊరు ఉంటుందో పోతుందో అని అందరూ చూస్తుంటే నేను పెట్టె సర్దుకోవడం గురించి ఆలోచిస్తున్నాను.

నిజం చెప్పాలంటే నాకిక్కడ ఉండాలని లేదు. ఇక్కడ మాట్లాడేదంతా లేని ఊరి గురించే. "మన కాలువ", "మన లాకు", "మన రేవు". నేను చూడని రేవులో నా బతుకు ఎన్నిసార్లు కాళ్లు కడుక్కుందో. మా అమ్మానాన్నలు నా పసితనంలోనే పోయారు. పెంచింది నాంచారమ్మత్తే. ఆవిడకి ఓడ సంగతి చెప్పాను.

"సముద్రం మీదకా?" అంది. చాలాసేపు చేటలో కందిపప్పు ఏరుకుంది. "మరైతే మనూరు కనబడుతుందా?"

"అడుగున బురద కనబడుతుందత్తా. పైన నీళ్లే."

"బురదైతేనేం. మన బురదేగా."

నేను వెళ్లేలోపు ఇక్కడ నీరు దొరకాలి. లేకపోతే అత్తని ఏ అడవి కిందకో పంపి నేను ఓడెక్కలేను. ఆవిడకి ఇరుగుపొరుగు అంటే ఊపిరి. పొద్దున లేచి ఆ చివర్నున్న తులశమ్మ పిన్నితో ఒక మాటైనా పోట్లాడకపోతే కాఫీ దిగదు.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

దొరికింది!

తూర్పు బీడంతా నడిచి ఇంటికొచ్చి లెక్కలు కలిపితే తెరమీద ఏరు లేచింది. చక్కటి వంపు తిరిగి, వడ్డాణంలా, బూడిదదిబ్బకి ఈవల నుంచి బీడు మధ్యగా సాగింది. రెండో కన్ను గట్టిగా చెబుతోంది: చుట్టూ ఎర్ర గరప నేల, ఈ వంపులో మాత్రం మెత్తని బంకమన్ను, తడి పట్టుకునే రకం. అంతకన్నా ఏం కావాలి? పైగా దొడ్డి నుంచి గొడ్లు తొక్కి తొక్కి గట్టిపడిన దారులు సన్నటి గీతల్లా వచ్చి సరిగ్గా ఆ వంపులోకే దిగిపోతున్నాయి. నాలుగువేల ఏళ్ల కిందటి మంద సాయంత్రం నీళ్లకి దిగుతున్నట్టే ఉంది.

మొదటి కన్ను పటంలో మాత్రం అక్కడక్కడా ఇనుప చుక్కలు పొడుచుకొచ్చాయి. అత్త పిన్నీసులే అయుంటాయి, కొన్ని పాత మేకులూ. వాటిని తుడిచేసే మంత్రం ఒకటి నేను ముందే రాసిపెట్టుకున్నాను, దాని పేరు కూడా "పిన్నీసు". నొక్కాను. పటం శుభ్రమైంది.

సాయంత్రం చావిట్లో అందర్నీ కూర్చోబెట్టాను. చూపుటద్దాలు పెట్టుకుంటే అప్పటి నేల చుట్టూ లేచి నిలబడుతుంది. గట్లు, గడ్డి, ఏట్లో కదిలే నీళ్లు. ఒకరి తర్వాత ఒకరు పెట్టుకున్నారు. కాలనీ ప్రెసిడెంటు పెద్దిరాజు మావయ్య పెట్టుకుని నోరు తెరిచాడు, మూయలేదు. తులశమ్మ పిన్ని అద్దాలు తీసి చెంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఇంకెవరికీ ఇవ్వదే!

మా అత్త వంతొచ్చింది. అద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఏం చేసిందంటే, కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుంది. చీర తడవకుండా. చావిడి బండల మీద ఒక్కడుగు, ఇంకో అడుగు, నెమ్మదిగా దిగుతున్నట్టు నడిచింది.

నేను నవ్వాను. ఎవరూ నవ్వలేదు.

రోహిణి కార్తె, చివరి రోజు

బోరు లారీతో రమిజాబీ వచ్చింది. గుంతకల్లు మనిషి. కేంద్రం తరఫున ఈ చుట్టుపక్కల బోర్లన్నీ ఆవిడవే. నిషేధానికి ముందు వాళ్ల నాన్నకి లారీలుండేవట.

"మా నాయన బొక్కలు కొట్టి నేలను పాడు చేసె. నేను ఒగొగటే కొడతా ఆ పాపం కడుక్కుంటాండా," అంది నవ్వుతూ. "ఏం పాపా, యాడ పొడవాల?"

పటం చూపించాను. మెచ్చుకుంది. మా అత్త పెట్టిన పప్పన్నం తిని చెయ్యి నాకింది. ఆ తర్వాత పళ్లు కుట్టుకుంటూ పాత పటాలు కూడా తిరగేసింది, తుడవకముందువి.

"ఇవేంది పాపా, ఈ సుక్కలు?"

"పిన్నీసులక్కా. మా అత్తవి."

"మీ అత్త పిన్నీసులు పారేసుకుంటా పోతే దావ పొడుగునా పడాల గదా. ఇవేమో ఏటికి అటూ ఇటూ జతజతగా ఉండాయి. సమానంగా, వీధిలో దీపాలు పెట్టినట్ల."

పటాన్ని దగ్గరికి లాక్కున్నాను. పటం నేనే గీశాను, నేనే తుడిచాను, ఇంత చూసేదాన్ని ఇది చూళ్లేదు. ఏటికి అటూ ఇటూ ఇనుప చుక్కలు వరసగా ఎందుకుంటాయి? నాలుగువేల ఏళ్ల కిందటివాళ్లకి ఇనుమే తెలీదు.

పెరట్లోకెళ్లి చెయ్యి కడుక్కుంటుంటే గిన్నెకి అంటుకుని లావుపాటి ఆకు ఒకటి కనబడింది. ఉప్పుటాకు. ఈ మెట్టలో ఉప్పునేల ఎక్కడుందని అది మొలుస్తోంది?

మృగశిర, మొదటి రోజు

తెల్లారగానే తాపీ పట్టుకుని బీట్లోకెళ్లాను. పటంలో ఒక చుక్క ఎంచుకున్నాను. వంపు తిరిగేచోట, కుడివైపుది. దాని చుట్టూ ఆ ఆకు గుబురుగా ఉంది.

జానెడు లోతు కూడా తవ్వలేదు. ఎర్రమట్టి పోయి బూడిదరంగు మన్ను వచ్చింది. జిగురుగా, మెత్తగా, చిన్నచిన్న నత్తగుల్లలతో. వాసన చూశాను. నేనెప్పుడూ చూడని ఊరి వాసన అని ఎలా తెలిసిందో చెప్పలేను, కానీ తెలిసింది. ఇంకొంచెం తీస్తే గోనె పీలిక. అందులో తుప్పు పట్టిన తలుపు గొళ్లెం.

"అది మనదేనే," అంది వెనకనుంచి అత్త.

ఎప్పుడొచ్చిందో. చేతిలో ఆకులకోసం తెచ్చుకున్న బుట్ట ఉంది.

నేను లేవలేదు. ఆవిడే పక్కన కూలబడింది. చెప్పింది. ఊరు వదిలేటప్పుడు ఎవరింటి గుమ్మంముందు మన్ను వాళ్లు గోతాల్లో ఎత్తుకున్నారట. ఇక్కడి చెక్‌పోస్టులో ఉప్పుమన్ను లోపలికి రానివ్వం, నేల చెడుతుంది, గోతిలో పారబొయ్యండి అన్నారట. సరేనన్నారు. పారబొయ్యలేదు. ఆ రాత్రీ ఆ మర్నాడూ బీట్లో చాళ్లు తీసి మన్ను పరిచి పైన ఎర్రమట్టి కప్పేశారు.

"ఊరికే పరవలేదే. చీటీల్లో ఇళ్లు చెల్లాచెదురు చేశారు కదా. కనీసం మన్నయినా వరసలో ఉండాలని... కాలువకి ఇటు మనం, మన పక్కన తులశమ్మ వాళ్లు, వాళ్ల పక్కన పెద్దిరాజు బావ. అటు గట్టున మంగలి కోటయ్య వాళ్లు, ఆపైన చర్చి వీధి. ఎవరి గొళ్లెం వాళ్ల మన్నులో పెట్టాం, గుర్తుగా. కాలువ ఎలా తిరిగేదో అలాగే తిప్పాం."

"మరి మొన్న చావిట్లో ఎందుకు చెప్పలేదత్తా? ఆ వంపు నువ్వు పోల్చుకున్నావు. చీర కూడా ఎత్తి పట్టుకున్నావు!"

అత్త నావైపు వింతగా చూసింది.

"నువ్వు నాలుగువేల ఏళ్ల నాటి ఏరన్నావు. నీ యంత్రం మా మన్ను చూస్తుందని నాకేం తెలుసే? అచ్చం మన కాలువలాగే తిరిగితే... మన కాలువే మనకంటే ముందొచ్చి ఇక్కడ పడుకుందనుకున్నాం. మేం తెలియకుండానే సరిగ్గా దాని మీదే పరిచామనుకున్నాం. ఆడాళ్లందరం అదే అనుకున్నాం. తులశమ్మైతే ఆ రాత్రి నిద్రేపోలేదు."

నా చేతిలో గొళ్లెం. దాన్ని రెండుసార్లు ఆడించాను. ఇంకా ఆడుతోంది.

"ఏరు లేదత్తా," అన్నాను. "ఇది మనూరే."

ఆవిడ ముఖం చూడలేకపోయాను. బుట్టలో ఆకులు కోసి వెయ్యడం మొదలుపెట్టాను.

మృగశిర, రెండో రోజు

చావిట్లో గొడవ. మృగశిరకి నోట్లో చేపముక్క పడాలని మావాళ్ల పట్టింపు. రేషన్ ఎండుచేపలు కాలుస్తున్న వాసనలోనే అందరూ అరుచుకున్నారు.

"నోరు మూసుకుని ఆ ఏట్లోనే పొడిపించెయ్యండి," అన్నాడు పెద్దిరాజు మావయ్య. "ఉప్పుమన్ను సంగతి కేంద్రానికి తెలిస్తే నీళ్లిచ్చే మాట అటుంచి ఉన్న ఇళ్లు కూడా లాగేస్తారు. ఏమో, అక్కడే నీళ్లు పడొచ్చు!"

"పడవు మావయ్యా. ఒక్క బోరే. పడకపోతే మళ్లీ లేదు."

"నీకేమ్మా, ఓడెక్కి పోతావు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అత్త లేచింది.

"పోతుంది. పోయేదానికి అబద్ధం చెప్పి పోవడం తేలిక కదరా బావా? బొక్క అక్కడే వేయించి సంచీ తగిలించుకుంటే సరి. నిన్నట్నుంచీ అన్నం ముట్టకుండా ఆ తెర ముందు కూర్చుంది. దాన్ననకు."

అన్నం ముట్టలేదన్నది అబద్ధం. రెండుసార్లు తిన్నాను. కానీ తెర ముందు కూర్చున్నది నిజం. నాకొకటే పట్టుకుంది. మన్ను మావాళ్లది, సరే. గొడ్లదారులు మాత్రం మావాళ్లవి కావు. అవి దిబ్బ దగ్గర మొదలై మన్ను కిందకెళ్లి మాయమవుతున్నాయి. వంపులో ఆగిపోయాయని నేననుకున్నాను, ఏరనుకున్నాను కాబట్టి. అసలు ఆగలేదేమో. ఉప్పుమన్ను దగ్గర పల్లకి రెండో కన్ను బైర్లు కమ్ముతుంది, ఎండలో దీపం కనబడనట్టు. దాని కింద, దాని అవతల కొంతమేర ఏముందో తెలీదు. మంద ఎటో వెళ్లింది. వేల ఏళ్లు ఒకే దారిన వెళ్లింది. ఎక్కడికో నీళ్లకే.

"మన్ను తియ్యాలి," అన్నాను. "తీసి మళ్లీ పల్లకి నడపాలి. అప్పుడు మంద ఎటు పోయిందో తెలుస్తుంది."

వాళ్లని నేనేం అడిగానో అప్పుడర్థమైంది నాకు. ఒకసారి మునిగిన ఊరిని మళ్లీ తవ్వి ఎత్తమంటున్నాను.

తులశమ్మ పిన్ని ముందుగా కదిలింది. "మా మన్ను నేనే తీసుకుంటా. ఈ నాంచారమ్మ చేతికి మాత్రం ఇవ్వను, అప్పుడు కూడా మా హద్దులోకి బెత్తెడు జరిగి పరిచింది."

"నువ్వు జరిగావు నా హద్దులోకి!"

బతికాననుకున్నాను.

రమిజాబీ తలుపు దగ్గర నిలబడి అంతా వింది. ఆవిడ కేంద్రం మనిషి. అందరూ ఆవిడకేసి చూశారు.

"నాకేసి సూస్తారేంది? నా లారీకి జరం వచ్చుండాది. రెండు దినాలు లేయదు," అంది. "అంతలోపల మీ ఊరు మీరు ఎత్తుకోండి."

మృగశిర, మూడో రోజు

పొద్దు పొడవకముందే బీడంతా జనం. గంపలు, తట్టలు, గోతాలు, ఒకాయన ఊయల గుడ్డ కూడా తెచ్చాడు. ఎవరి చోటు ఎవరిదో ఒక్కరూ తడుముకోలేదు. నేను పటం పట్టుకుని నిలబడ్డాను గానీ ఎవరూ అడగలేదు.

వరసగా వంగి తవ్వుతుంటే నాకు కొత్తగా కనబడింది. ఇక్కడ ఎప్పుడూ ఆ చివరా ఈ చివరా ఉండే మనుషులు పక్కపక్కన చేరారు. ముసలివాళ్లు గంప దింపి పక్కవాళ్లతో "మీ కాకర పాదు ఇటు పాకేది కదూ" అంటున్నారు. నా ఈడువాళ్లం, దివిలం, ఎవరింటి పక్కన ఎవరమో మొదటిసారి చూసుకున్నాం. మాటల దివి వాళ్లది మా ఎదురిల్లట. మధ్యలో కాలువ. ఇద్దరం అటూ ఇటూ నిలబడి చేతులూపుకున్నాం. పిచ్చిగా ఉందని తెలుసు. అయినా ఊపుకున్నాం.

పెద్దిరాజు మావయ్య ఒక్కడే రాలేదు. ఎండెక్కాక వచ్చాడు. ఎవరితో మాట్లాడకుండా తన చాలు ముందు కూర్చుని తవ్వాడు. గొళ్లెం తగిలినప్పుడు దాన్ని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

"మావయ్యా, అది జేబులో పెట్టుకుని పల్లకి దగ్గరకి రాకేం," అన్నాను.

"సర్లేవే, పొడుగు పీనుగా," అన్నాడు. కోపం పోయింది.

మధ్యాహ్నానికి నేల ఖాళీ అయింది. అత్తని సోదా చేశాను. ఇవాళ ఒక్క పిన్నీసు కూడా లేదు. పొద్దున్నే తనే తీసేసుకుంది. పల్లకి ఎత్తుకున్నాం.

సాయంత్రం తెరమీద గీతలు కదిలాయి. దిబ్బ నుంచి వచ్చిన దారులు మన్ను ఉన్నచోట ఆగలేదు. దాటుకుని వెళ్లి, ఒకదాన్నొకటి కలుపుకుని, ఒకే వెడల్పు దారై దక్షిణానికి తిరిగాయి. అక్కడ రాళ్ల బయలు. పగిలిన కుండలూ చెత్తా పడేసే చోటు. ఏరు దొరికిందన్న సంబరంలో అటు నేను పల్లకి తీసుకెళ్లనే లేదు. పొద్దు వాలేలోపు పరుగున నడిచాం. దారి రాళ్ల దాకా వచ్చి విసనకర్రలా విచ్చుకుంది.

మంద వరసగా నడుస్తుంది. నీళ్లు కనబడగానే వరస చెదిరి ఒడ్డంతా పరుచుకుంటుంది. విసనకర్ర అంచు ఒడ్డు. దాని అవతల రాళ్ల కింద గుంట ఆకారం ఒకటి, ఇసుకతో నిండి.

"ఏంటే, ఏడుస్తున్నావా?" అంది అత్త.

"ఆవులొచ్చాయత్తా," అన్నాను.

మృగశిర, ఐదో రోజు

రమిజాబీ లారీకి జ్వరం తగ్గింది.

"పాపా, ఇంగొకసారి అడుగుతాండా. ఈడేనా?"

ఈడే అన్నాను.

మొదట రాతిపొడి, తెల్లగా, అందరి నెత్తిన పడింది. తర్వాత ఎర్రదుమ్ము. చాలాసేపు అదే. అత్త మాత్రం యంత్రానికి వీపు పెట్టి కూర్చుంది. చూస్తే దిష్టి తగులుతుందట. తులశమ్మ పిన్ని ఆవిడ వెనక నిలబడి జరిగేదంతా చెబుతోంది. "దుమ్మేనే... ఇంకా దుమ్మే... ఆగాగు."

గులకరాళ్లు వచ్చాయి. గుండ్రంగా, నున్నగా. నీళ్లు దొర్లించిన రాళ్లు. రమిజాబీ నావైపు చూసి కనుబొమలెగరేసింది. ఆపైన ఇసుక. పొడి ఇసుక. ఆపైన చేతిలో పడితే ముద్దయ్యే ఇసుక.

దోసిట్లోకి తీసుకున్నాను. దాన్లో సన్నటి నత్తగుల్ల ఒకటి. మా గుమ్మం మన్నులో ఉన్నలాంటిదే. దానికంటే నాలుగువేల ఏళ్లు పెద్దది.

నీళ్లు ఎగజిమ్మలేదు. ఎగజిమ్మే రోజులు పోయాయి. గొట్టంలోంచి బురదగా, తర్వాత మసగ్గా, తర్వాత తేటగా, దూడ తాగేంత ధార మాత్రం ఆగకుండా వచ్చింది. పల్చగా వాడుకుంటే ఊరికి చాలునని రమిజాబీ లెక్కకట్టి చెప్పింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. అందరూ అత్తకేసి చూశారు, ఎందుకో. ఆవిడ వెనక్కి తిరిగి, చెయ్యి పట్టి, పుక్కిట పట్టింది. మింగింది.

"ఉప్పు లేదే!" అంది, ఎవరో మోసం చేసినట్టు.

అప్పుడు నవ్వారు. అప్పుడే పోట్లాట కూడా మొదలైంది, మొదటి బిందె ఎవరిదని.

ఆరుద్ర, మొదటి రోజు

మన్ను మళ్లీ పరిచారు. అదే వరసలో, అదే వంపులో. బోరు దక్షిణాన, కొంచెం మెరకన ఉంది. ఉప్పు దానికి తగలదు. ఈసారి దాచలేదు, నేను ఇక్కడ రాసేశాను కదా. ఆకు మొలిచాక కేంద్రం వాళ్లొస్తే పప్పు వండి పెడతామని అత్త రాయమంది. రాశాను. తులశమ్మ పిన్ని వాళ్ల హద్దు దగ్గర బెత్తెడు సంగతి ఇంకా తేలలేదు.

చివరి పటం కోసం పల్లకి ఇంకోసారి నడిపాం. నీటి అనుమతి ఇస్తూ కేంద్రం ఒక సూచన పంపింది: "తూర్పు బీడులో జంటలుగా ఇనుప చుక్కలు కనబడుతున్నాయి. తుడిచి పంపగలరు."

తుడవనని జవాబిచ్చాను. అవి ఇళ్లు. ఏది ఎవరిదో పేర్లు కూడా పటం మీద రాశాను. దొడ్డి, గొడ్లదారి, తాగే గుంట ఒక రంగులో, మా కాలువ, మా గుమ్మాలు ఇంకో రంగులో. తర్వాతెప్పుడో ఎవరైనా ఈ నేలని మళ్లీ గీస్తే, ఇక్కడ ఏరుందని పొరబడక్కర్లేదు. మేమున్నామని తెలిస్తే చాలు.

ఇవాళ బండెక్కాను. అత్త స్టాండు దాకా వచ్చింది. ఏడవదని తెలుసు. నా ఓణీ భుజం మీంచి జారుతోందని తిట్టింది. గాజు మీంచి పిన్నీసు ఒకటి తీసి, పళ్లతో తెరిచి, ఓణీకి గుచ్చింది.

"ఓడలో ఇదుండకూడదత్తా. ఆ యంత్రాలూ పల్లకి లాంటివే. పని దగ్గర తీసెయ్యాలి."

"తీసెయ్యి," అంది. "రోజూ తీసేటప్పుడన్నా నేను గుర్తొస్తాను."